రోజుకో రూపాయి పొదుపు.. పల్లె అంగడికి పెట్టుబడి

సరుకు తిరిగితేనే అప్పు తీరేది - పుట్టి వడ్లు కొంటే తేమ చూసుకోవాలి - అరువు పుస్తకమే అసలు గండం

నెల్లూరు జిల్లా పల్లెల్లో గుడి తలుపుల కంటే ముందే చిల్లర అంగడి తలుపు తెరుచుకుంటుంది. పాలపొట్లం కోసం ఒకరు, పావుకిలో చక్కెర కోసం ఒకరు, టీపొడి పొట్లం కోసం ఒకరు వస్తారు. పొలానికి పోయే కూలీలు బీడీకట్ట, వక్కపొడి తీసుకుని పోతారు. డబ్బు చేతిలో ఉన్నవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు "రాసుకో అక్కా" అంటారు. గల్లాపెట్టె పక్కన దారం కట్టి వేలాడదీసిన పెన్ను, అంచులు నలిగిన నోటుపుస్తకం ఆ మాట కోసమే ఉన్నాయి. "నేడు నగదు - రేపు అరువు" అని గోడ మీద రాసిన అక్షరాలను ఊళ్లో ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటి అంగళ్లలో ఇప్పుడు చాలా భాగం ఆడవాళ్ల చేతుల్లో నడుస్తున్నాయి. భర్త పొలం పనికో, పట్నానికో పోతే అంగడి చూసుకునేది ఇల్లాలే. వీటికి మొదటి పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, తరచు వినిపించే జవాబు ఒకటే - సంఘం అప్పు.

ఆ సంఘాల పుట్టుకలో ఈ జిల్లాకు పెద్ద భాగం ఉంది. 1991 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజుల్లో కలిగిరి ప్రాంతంలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. రాత్రి బడిలో దిద్దుకున్న అక్షరం కల్లు సారాయిల లెక్క అడగడం దాకా వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది కాని, సారా పోరాటం మిగిల్చిన ఇంకో సంగతి మాత్రం నిలబడిపోయింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని ఆడవాళ్లు జట్లు కట్టారు. పొదుపులక్ష్మి అనే పేరు జిల్లాలో అలా వచ్చింది.

రూపాయి లెక్క చూడటానికి చిన్నదే. పదిహేను మంది రోజుకో రూపాయి వేస్తే నెలకు 450 రూపాయలు. పది నెలలకు 4,500. ఆ రోజుల్లో ఒక చిల్లర అంగడిలో బొరుగులు, బెల్లం, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు నింపడానికి అది తక్కువ సొమ్మేమీ కాదు. సంఘంలోనే ఒకరి తర్వాత ఒకరు వాడుకుని, వడ్డీ సంఘానికే కట్టుకునేవారు. షాహుకారు ఇంటి గడప ఎక్కి నిలబడే పని తప్పింది.

దీనికి ముందు 1982లోనే గ్రామీణ మహిళల కోసం డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు, స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని దేశంలో 500 సంఘాలతో ప్రయోగంగా చేపట్టింది. పట్టా పాసుపుస్తకం లేని మనిషికి, పదిమంది పూచీ మీద బ్యాంకు అప్పివ్వడం అప్పటికి వింతే. క్రమంగా వారం వారం సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం - ఈ అయిదూ సక్రమంగా ఉన్న సంఘానికి బ్యాంకు గుమ్మం తెరుచుకుంది. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. అంతకు మించి కట్టిన వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. 2011లో స్త్రీనిధి ఏర్పడింది. సెల్‌ఫోను ద్వారా అప్పు అడిగితే 48 గంటల్లో అందించాలన్నది దాని పద్ధతి. ఒక్కో సంఘానికి ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకులు ఇవ్వదగిన అప్పు పరిమితిని 2021లో రిజర్వు బ్యాంకు 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచింది.

అప్పు పుట్టడం ఒకప్పుడు కష్టంగా ఉండేది. ఇప్పుడు పల్లె అంగడికి కష్టం అక్కడ లేదు. పుట్టిన అప్పును ఏ సరుకులో పెట్టాలి, ఏ వాయిదాకు కట్టాలి అన్న దగ్గరే అంగళ్లు నిలబడుతున్నాయి, అక్కడే మూతపడుతున్నాయి.

తిరిగే సరుకు, కూర్చునే సరుకు

ఒక లెక్క చూద్దాం. అంగడి పెట్టిన ఇల్లాలు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి పది వేలు తీసుకుందనుకుందాం. పది నెలల్లో తీర్చాలి. మొదటి నెల అసలు వెయ్యి, వడ్డీ వంద, మొత్తం 1,100 కట్టాలి. ఆ పది వేలకూ నూనె పొట్లాలు, పప్పు, ఉప్పు, సబ్బులు తెచ్చింది. నూటికి ఆరు రూపాయలు మిగులుతుందనుకుంటే, ఆ సరుకు వారానికొకసారి అమ్ముడై మళ్లీ కొత్త సరుకు వచ్చేటట్లయితే వారానికి 600, నెలకు 2,400 మిగులుతుంది. వాయిదా కట్టినా 1,300 చేతిలో ఉంటుంది. పది నెలలు గడిచేసరికి అప్పు తీరుతుంది, పది వేల సరుకు సొంతమవుతుంది.

అదే సరుకు నెలకొకసారి మాత్రమే తిరిగితే మిగిలేది 600. కట్టాల్సింది 1,100. తక్కువ పడిన 500 ఎక్కడి నుంచి వస్తుంది? సరుకు అమ్మిన అసలు డబ్బులో నుంచే. మొదటి నెలల్లో తెలియదు. అయిదో నెలకు అలమరాలో ఖాళీలు కనిపిస్తాయి. ఆరో నెలకు "పప్పు లేదు, రేపు తెస్తా" అనే మాట మొదలవుతుంది. పప్పు లేని అంగడికి ఉప్పు కోసం కూడా జనం రారు.

అందుకే అనుభవం ఉన్న అంగడివాళ్లు చిన్న అప్పు డబ్బును త్వరగా తిరిగే సరుకులోనే పెడతారు. కొత్త అలమరా, ఫ్రిజ్జు, రంగుల బోర్డు మొదటి అప్పుతో కొనరు. రోజూ అమ్ముడయ్యే సరుకు ఎంతని ఒక నెల రాసుకుని, అంతకే తెచ్చుకుంటారు. పట్నం నుంచి మోటారు వ్యాను మీద వచ్చే కంపెనీ కుర్రాడు "డజనుకు ఒకటి ఉచితం" అంటాడు. ఆ ఒక్కటి కోసం మూడు నెలల సరుకు దింపుకుంటే, ఆ ఉచితం వడ్డీకే సరిపోతుంది.

ఇంట్లో వాడకం ఇంకొక చిల్లు. రాత్రి కూరకు నూనె పొట్లం, బిడ్డ చేతికి బిస్కెట్టు, చుట్టం వస్తే కాఫీపొడి - అన్నీ అంగడిలోవే. రాస్తే లెక్క, రాయకపోతే నష్టం. ఇంటి వాడకానికి వేరే పేజీ పెట్టుకున్న అంగళ్లలో నెలాఖరుకు ఆశ్చర్యాలు తక్కువ.

పుట్టి వడ్లలో పట్టుబడి

చిల్లర సరుకుతో కాస్త కుదురుకున్న అంగడి మనసు తర్వాత ధాన్యం మీదికి పోతుంది. వరి జిల్లా కనుక ఇది సహజం. కోతల వేళ అందరి కళ్లాల్లోనూ వడ్లు ఉంటాయి, ధర దిగుతుంది. నాలుగైదు నెలలు ఆగితే ధర ఎక్కుతుంది, పాత బియ్యమని గిరాకీ కూడా ఉంటుంది. ఒక పుట్టి కొని పెట్టుకుంటే పోలా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. 2025-26 మద్దతు ధర ఎ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి ఖరీదు సుమారు 20,300. నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి ఆరు నెలలు నిల్వ చేస్తే వడ్డీ సుమారు 1,220 అవుతుంది. ఇంతవరకు అందరూ వేసే లెక్కే.

చాలామంది వేయని లెక్క తేమది. కోత మిషను నుంచి నేరుగా దింపిన వడ్లలో నూటికి 20 వంతులు తేమ ఉందనుకుందాం. నిల్వకు 14 వంతుల దాకా ఆరాలి. ఆరేసరికి 850 కిలోలు సుమారు 791 కిలోలవుతాయి. 59 కిలోలు గాలిలో కలిసిపోతాయి. మద్దతు ధర లెక్కనే అది 1,400 రూపాయల పైమాట. ఆరు నెలల వడ్డీ కంటే ఎక్కువ! తేమకు తగ్గట్టు ధర కోసుకోకుండా కొన్నవాళ్లు, వడ్డీ మీద బేరమాడి గెలిచి తేమ దగ్గర ఓడిపోతారు. రెండూ కలిపి చూస్తే కిలో 23 రూపాయల 89 పైసలకు కొన్న వడ్లు 27 రూపాయల 20 పైసలకు అమ్మితే గాని అసలు రాదు. గోతాలు, హమాలీ, ఎలుకలు తిన్నది దీనికి అదనం. బాగా ఆరిన వడ్లు కొన్నవాళ్లకు 25 రూపాయల 30 పైసల దగ్గరే అసలు వచ్చేస్తుంది.

తరుగు పేరుతో రైతు దగ్గర పుట్టికి 850 కిలోల కంటే ఎక్కువ తూకం వేయించుకునే దళారుల సంగతి రైతులకు తెలుసు. అంగడి పెట్టుకున్నవాళ్లు ఊళ్లోనే బతకాలి. తేమకు ధర తగ్గించి చెప్పడం వేరు, తూకంలో నొక్కడం వేరు. రైతు ఆ రెంటికీ తేడా ఇట్టే పట్టేస్తాడు, ఆ మరుసటి పంటకు అంగడి గుమ్మం తొక్కడు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించుకోవాలి.

మరాడించిన తర్వాత బియ్యం ఎంత వస్తుందో కూడా ముందే తెలిసి ఉండాలి. ప్రభుత్వం మిల్లర్ల నుంచి తీసుకునే లెక్క క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం. పల్లెలోని చిన్న మిల్లులో అంత దిగదు, నూకలు ఎక్కువ పడతాయి. అయితే పల్లె అంగడికి నూకలూ సరుకే, తవుడూ సరుకే. కోళ్లున్న ఇల్లు, బర్రెలున్న ఇల్లు ఊళ్లోనే ఉన్నాయి. పెద్ద వ్యాపారికి లేని సదుపాయం చిన్న అంగడికి ఇదొక్కటి ఉంది.

నిల్వ సంగతి పెద్దవాళ్లకు చెప్పనవసరం లేదు. గోతాలు నేల మీద పెట్టకుండా చెక్కబల్లల మీద పెట్టడం, గోడకు ఆనకుండా జానెడు ఎడం ఉంచడం, ముక్కపురుగు రాకుండా ఎండ పోయడం - మన అవ్వలు గాదెల కాలం నుంచి చేసిన పనులే. గాదెలు పోయాయి కాని ముక్కపురుగు ఎక్కడికీ పోలేదు.

వడ్ల కంటే చింతపండు, ఎండుమిరప చిన్న అంగడికి తేలిక అని కొందరు అంటారు. చింతపండు వేసవిలో దిగుతుంది, ఏడాది పొడవునా ప్రతి ఇంటికీ కావాలి, పావుకిలో అరకిలో లెక్కన అమ్ముడవుతుంది. వానాకాలం చెమ్మ తగిలి నల్లబడితే మాత్రం ధర సగమవుతుంది.

ఒక్క బేరం మాత్రం ఎంత లాభం కనిపించినా చేయరాదు. రేషను బియ్యం తెచ్చి ఇచ్చి సబ్బులు, నూనె పట్టుకుపోతామనేవాళ్లు వస్తారు. ఆ బియ్యం కొనడం నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు అవుతుంది. సరుకు పోతుంది, పరువు పోతుంది, బ్యాంకు దగ్గర సంఘం పేరూ పోతుంది.

వాయిదా నెలకు, పంట ఆరు నెలలకు

ధాన్యం వ్యాపారంలో అసలు చిక్కు ఇక్కడుంది. వడ్లు ఆరు నెలలు గోతంలో కూర్చుంటాయి. వాయిదా మాత్రం వచ్చే నెల నుంచే కూర్చోనివ్వదు. సూక్ష్మరుణాల్లో చాలా వరకు వారం వాయిదాలో, నెల వాయిదాలో ఉంటాయి. వడ్లలో పెట్టిన డబ్బు వాయిదా రోజున చేతికి రాదు. అప్పుడు రెండే దారులు. చిల్లర అంగడి గల్లాపెట్టె నుంచి కట్టాలి, లేదా ధర రాకముందే వడ్లు తెగనమ్మాలి. మూడో దారి ఇంకో అప్పు. అది దారి అనిపించుకోదు.

కనుక ధాన్యం అప్పు ఎంత తీసుకోవాలన్నది ధాన్యం ధర చెప్పదు, గల్లాపెట్టె చెబుతుంది. చిల్లర అమ్మకంలో నెలకు 2,000 నికరంగా మిగిలే అంగడి, 2,000 వాయిదా పడే అప్పు దాకానే పోవచ్చు. అక్కడికే ఇంటి ఖర్చుకు ఏమీ మిగలదు. సంఘం తన సొంత పొదుపు నుంచి ఇచ్చే అప్పుకయితే, సభ్యులంతా ఒప్పుకుంటే, పంట అమ్మాక ఒక్కసారి కట్టే పద్ధతి పెట్టుకోవచ్చు. బ్యాంకులో ఆ మాట అడిగితే మేనేజరును బట్టి ఉంటుంది.

సొంత పేరు మీద బ్యాంకు అప్పు కావాలంటే 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకం ఉంది. శిశు తరగతిలో 50,000 దాకా, కిశోర్ తరగతిలో అక్కడి నుంచి 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. అంగడి ఉన్నట్టు రుజువు, కొనుగోలు బిల్లులు, ఖాతాలో లావాదేవీ చూస్తారు. గల్లాపెట్టె పక్కన అతికించిన స్కానరు కాగితం ఈ విషయంలో మేలే చేసింది. ఫోను ద్వారా వచ్చిన ప్రతి పది రూపాయలూ ఖాతాలో కనిపిస్తాయి.

రాసుకో అక్కా!

పల్లె అంగడి ఊరికి చిన్న బ్యాంకు. కూలివాళ్లకు వారానికొకసారి డబ్బు వస్తుంది, రైతుకు పంట చేతికొచ్చాకే వస్తుంది. అప్పటిదాకా ఉప్పూ పప్పూ అంగడి నుంచే పోతాయి. అరువు ఇవ్వకపోతే బేరం లేదు. ఇస్తే వాయిదా కట్టడానికి డబ్బు లేదు. నూటికి ఎనిమిది రూపాయలు మిగిలే అంగడిలో వెయ్యి రూపాయల అరువు మునిగితే, ఆ వెయ్యి తిరిగి సంపాదించడానికి 12,500 రూపాయల సరుకు అమ్మాలి. ఈ ఒక్క లెక్క తెలిసినవాళ్లు పుస్తకం చూసే తీరే మారిపోతుంది.

సొంత సంఘంలో సభ్యురాలే బాకీ పడితే మరీ ఇబ్బంది. ఆమె వాయిదా కట్టకపోతే సంఘానికి మళ్లీ అప్పు రాదు. అంగడి బాకీ గట్టిగా అడిగితే సంఘం వాయిదా ఆగుతుంది. అడగకపోతే అంగడి ఆగుతుంది. ఒక ఇంటికి ఇంత అని హద్దు పెట్టుకుని, పాత బాకీలో సగమన్నా తీర్చాకే కొత్తది రాయడం అనుభవం నేర్పిన పద్ధతి. హద్దు ఆడపడుచుకైనా, పక్కింటివాళ్లకైనా ఒకటే అయితే ఎవరికీ కోపం రాదు. ఒక్కరికి సడలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

అరువు ముదిరి, సరుకు తగ్గి, వాయిదా దగ్గర పడిన రోజునే రోజువారీ వడ్డీ మనిషి మోటారు సైకిలు మీద వస్తాడు. కాగితాలు అడగడు, సంతకంతో సరిపెడతాడు. పది వేలని రాసుకుని 8,500 చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పోయేది పదిహేను వందలేగా" అనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకూ తరుగుతూ వస్తుంది కనుక, నిజంగా లెక్క కడితే అది ఏడాదికి నూటికి 120 దాకా పడే వడ్డీ. సంఘం రూపాయి వడ్డీ ఏడాదికి 12. పదింతలు!

వారం వారం కట్టే అప్పుల్లోనూ ఇలాంటి మెలిక ఉంటుంది. 20,000కు "పన్నెండు శాతమే" అని చెప్పి, మొత్తం మీద 2,400 వడ్డీ కలిపి 50 వారాలకు వారానికి 448 చొప్పున కట్టించుకుంటే, అది తరిగే అసలు మీద దాదాపు 24 శాతం అవుతుంది. కట్టేసిన అసలుకు కూడా వడ్డీ కడుతున్నట్టు లెక్క.

2010 నాటి గాయం

రాష్ట్రం ఈ విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల శాఖలను అధికారులు మూయించవలసి వచ్చింది. తర్వాత నాలుగేళ్లలో అప్పులు మరింత పెరిగాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చాయి. ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకొకదాని దగ్గర తీసుకున్నారు. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. సంస్థలు నమోదు కావాలని, ఇళ్ల మీదికి వచ్చి వసూలు చేయకూడదని, వాయిదాలు నెలకొకసారే ఉండాలని నియమం పెట్టారు. వేధింపులు ఆగాయి. దాంతోపాటు వాయిదాలూ ఆగాయి, కొత్త అప్పులూ ఆగాయి. సరుకు కోసం ఆ అప్పునే నమ్ముకున్న చిన్న అంగళ్లకు అది ఇంకో దెబ్బ.

2022లో రిజర్వు బ్యాంకు దేశమంతటికీ నిబంధనలు మార్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. ఇంటిల్లిపాది అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. వడ్డీ, రుసుములు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకునే హక్కు అప్పు తీసుకునేవాళ్లకు ఉంది. అడిగేవాళ్లు ఇంకా తక్కువే.

పొద్దు గూకాక అంగడి ముందు బల్ల మీద చిల్లర పరిచి లెక్క పెట్టుకునే వేళకు, గల్లాపెట్టె డబ్బు మూడు కుప్పలుగా విడిపోతుంది. ఒకటి రేపటి సరుకుకు, ఒకటి పదో తేదీ వాయిదాకు, మిగిలితే ఒకటి ఇంటికి. మూడో కుప్ప కొన్ని రోజులు కనిపించదు. కోతలు మొదలైతే ఊరి బాకీలు వసూలవుతాయి, అదే వారంలో వడ్లు కొనడానికీ డబ్బు కావాలి. వసూలైన బాకీతో పాత అప్పు తీర్చాలా, అరపుట్టి వడ్లు కొనాలా అని సంఘం సమావేశంలో వాదోపవాదాలు సాగుతాయి. రాత్రి తొమ్మిదికి తలుపు సగం వేసిన తర్వాత కూడా ఎవరో ఒకరు వంగి లోపలికి చూసి, దోమల చుట్ట ఒకటి రాసుకోమంటారు.